పదకొండు నెలల ఖరారునామా

అద్దె యింట కాపురము పెట్టదలచిన గృహస్థు, అది బెజవాడ కానిండు, విశాఖపట్టణము కానిండు, హైదరాబాదు కానిండు, పాలు పొంగించుకొనుటకు ముందుగా సంతకము చేయవలసిన కాగితమొకటి గలదు. నూరు రూపాయల నాన్-జుడీషియల్ స్టాంపు మీద, ఫలానా తేదీని ఫలానా వారికి ఫలానా వారు వ్రాయించి యిచ్చిన అద్దె ఖరారునామా ఏమనగా అని మొదలై, సదరు ఇంటి హద్దులను, గదుల లెక్కను, పంకాల లెక్కను, నెలసరి అద్దెను, అడ్వాన్సు మొత్తమును, ఖాళీ చేయునాడు రంగులకై విరుగగోయు ఒక నెల సొమ్మును వరుసగా చెప్పి, ఇద్దరు సాక్షుల చేవ్రాళ్లతో ముగియు ఆ కాగితమున ఒక్క సంగతి మాత్రము ఊరు మారినను తరము మారినను మారకుండ నిలిచియున్నది: గడువు పదకొండు నెలలు. మూడేండ్లకో అయిదేండ్లకో ఇల్లు తీసికొను ఉద్దేశము గలవారు సైతము పదకొండు నెలలకే యేల వ్రాసికొనుచున్నారని యడిగినచో, స్టాంపు వెండరు మొదలు ఇంటి యజమాని వరకు అందరును ఒకే సమాధానము చెప్పుదురు: రిజిస్ట్రేషను ఖర్చు తప్పుటకు. ఆ సమాధానము వెనుక నూటనలువది యేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. అద్దెకుండువాడు గడప దాటుటకు పూర్వమే చెల్లింపవలసివచ్చిన దస్తావేజు ఖర్చులను, దలాలి సొమ్మును, అద్దెగాక యజమాని పుచ్చుకొను పైసొమ్మును తగ్గించుటకై జనులును ప్రభుత్వములును చేసిన యత్నముల చరిత్ర యది. ఆ యత్నములలో కొన్ని అద్దెదారునకు నిజముగా మేలు చేసినవి. కొన్ని వాని చేతిలో నాలుగు రూకలు మిగిల్చి, వాని రక్షణను హరించినవి.

రిపన్ ప్రభువు గవర్నరు జనరలుగా నున్న కాలమున, 1882వ సంవత్సరమున, ఆస్తి బదలాయింపు చట్టము పుట్టినది. కౌలు అననేమో 105వ సెక్షనులో నిర్వచించి, వేరు ఒడంబడిక లేనిచోట నివాసగృహపు కౌలు నెలనెలకు నడచునదిగా నెంచవలెననియు, పదునైదు దినముల నోటీసుతో ఉభయులలో ఎవరైనను దానిని ముగింపవచ్చుననియు 106వ సెక్షనులో విధించి, ఏటేట నడచు కౌలుగాని, ఒక సంవత్సరమునకు మించిన కౌలుగాని, వార్షికపు అద్దె నిర్ణయించిన కౌలుగాని రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని 107వ సెక్షనులో ఆ చట్టము శాసించినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము తన 17వ సెక్షనులో ఇదే మాటను మరల చెప్పి, అట్టి దస్తావేజు రిజిస్టరు కానిచో న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదని 49వ సెక్షనులో హెచ్చరించినది. ఏడాదికి లోబడిన కౌలు మాత్రము నోటిమాటతోడను, ఇంటి స్వాధీనము నిచ్చుటతోడను సిద్ధించును. శాసనకర్తల యుద్దేశము సవ్యమైనదే. దీర్ఘకాలపు హక్కు ఎవరిదో ఊరివారందరు తెలిసికొనునట్లు ప్రభుత్వపు పుస్తకమున కెక్కవలెను. నాలుగు నెలలుండి పోవు బాటసారికి ఆ శ్రమ యేల అని వారి తలంపు. కాని ఆ సౌలభ్యము బాటసారుల కొరకే మిగిలియుండలేదు. సంవత్సరమునకు మించినది అని గిరి గీసిన నాటినుండియు, ఆ గిరికి ఈవలి తట్టున నిలుచుట నేర్చిన దస్తావేజు లేఖరులు ప్రతి తాలూకా కచేరీ ముంగిటను వెలసిరి.

పన్నెండు నెలల కౌలు సైతము చట్టము ప్రకారము రిజిస్ట్రేషను కోరదు గదా, సంవత్సరమునకు మించనంతవరకు భయము లేదు గదా, ఒక నెల యేల తగ్గించిరి అను సందేహము సహజమైనది. దీనికి సమాధానము 110వ సెక్షనులో నున్నదని నా నమ్మకము. ఏడాదికని వ్రాసికొన్న కౌలు, ప్రారంభమైన దినమును లెక్కింపక, మరుసటి యేడు అదే తేదీ ముగియు వరకు నడచునని ఆ సెక్షను చెప్పుచున్నది. అనగా లెక్క నెరుగని లేఖరి చేతిలో పన్నెండు మాసముల కౌలు ఒక్క దినము పెరిగి గిరి దాటిపోవు ప్రమాదము గలదు. ఒక్క దినము కొరకు మొత్తము దస్తావేజు న్యాయస్థానమున నిలువకపోవుటకంటె, ఒక నెల ముందుగానే ఆగుట మేలని అనుభవజ్ఞులు తలంచియుందురు. పిమ్మట ఆ జాగ్రత్తయే ఆచారమైనది. కారణ మెరుగనివారు సైతము ఆ పదకొండును మానలేదు.

ఆ కాలమున రిజిస్ట్రేషను ఖర్చనగా ప్రభుత్వమునకు చెల్లించు సుంకము మాత్రమే కాదు. సబ్ రిజిస్ట్రారు కచేరీ జిల్లాకు కొన్ని యూళ్లలోనే యుండెను. అద్దెదారుడును యజమానియు ఒక పూట పని మానుకొని, బండి కట్టించుకొని, సాక్షుల నిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. వేపచెట్టు క్రింద చాప పరచి, చిన్న వ్రాతబల్ల ముందు పెట్టుకొని కూర్చుండిన లేఖరి కడ వ్రాతకూలి యిచ్చి దస్తావేజు వ్రాయించుకొనవలెను. స్టాంపు వెండరు కడ కాగితము కొనవలెను. వ్రేలిముద్రల సిరా ఆరువరకు వసారాలో నిలువవలెను. సాక్షులకు కాఫీ ఫలహారములు పెట్టించి మరల యింటికి చేర్చవలెను. నెలకు అయిదారు రూపాయల అద్దె యిచ్చు గుమాస్తాకు ఈ ప్రయాసయంతయు మోయరాని భారమే. కనుక పదకొండు నెలల కాగితము పుట్టినది మోసము కొరకు కాదు. పేదవాని సౌకర్యము కొరకు. ఈ మాటను మొదటనే చెప్పుట న్యాయము, ఏలయనగా తరువాత ఆ కాగితము ఎవరి కుపకరించినదో చెప్పవలసి వచ్చినపుడు దాని పుట్టుకను మరచుట తగదు.

ఇంటిని వెదకు పద్ధతి మాటకు వచ్చినచో, వెనుకటి కాలమున తెలుగు పట్టణములలో దలాలి ప్రసక్తి అరుదు. ధాన్యమునకు, పొగాకునకు, పశువులకు దలారులుండిరిగాని, నివసించు ఇంటికి దలారి యేమిటని జనుల భావము. రాజమహేంద్రవరమునకో కాకినాడకో చదువునకై వచ్చిన పిల్లవాడు వారములు చేసికొని భోజనము గడుపుకొన్నట్లే, క్రొత్తగా బదలియై వచ్చిన ఉద్యోగి బంధువుల ద్వారమునను, స్వగ్రామస్థుల ద్వారమునను, ఆఫీసులోని తోటివారి ద్వారమునను ఒక పోర్షను సంపాదించుకొనుచుండెను. ఇల్లు చూపినవానికి ఒక పూట విందు తప్ప వేరు బహుమానము లేదు. ఖాళీయైన యింటి గేటునకు చిన్న పలకమీద సుద్దతో వ్రాసి వ్రేలాడగట్టు టు-లెట్ బోర్డు ఆ తరువాత వచ్చినది. అట్టముక్కమీద నల్లసిరాతో "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని వ్రాసి, దానిక్రింద "పై అంతస్తులో విచారింపుడు" అని చేర్చిన ఆ ప్రకటనకు మించిన చౌకయైన మధ్యవర్తి మరియొకడు లేడు. ఒక దినమంతయు సైకిలుమీద వీధివీధి తిరిగిన యెడల, దమ్మిడీ ఖర్చు లేక ఇల్లు దొరకుచుండెను.

అయినను ఆ కాలమును స్వర్ణయుగమని పొగడుటకు నా మనస్సు ఒప్పుకొనదు. బంధువుల మూలమున ఇల్లు దొరకు లోకమున, బంధువులు లేనివానికి ఇల్లు దొరకదు. బోర్డు చూచి తలుపు తట్టినవానిని మొట్టమొదట అడుగు ప్రశ్న అద్దెను గూర్చినది కాదు, కులమును గూర్చినది. ఏ చట్టమును ఆ ప్రశ్నను ఆపలేకపోయినది. మాలమాదిగ కుటుంబములనుండి చదువుకొని ఉద్యోగమునకు వచ్చిన యువకులు, మహమ్మదీయ కుటుంబములు, ఒంటరిగానుండు స్త్రీలు, గేటునకు బోర్డు వ్రేలాడుచుండగనే ఇల్లు నిండినదను మాట విని వెనుదిరిగిరి, నేటికిని వెనుదిరుగుచున్నారు. ఇట్టివారికి తెలిసిన ముఖము లేనిచోట దలారి యవసరమయ్యెను. అవసరమెంత యెక్కువయో వానికి చెల్లించు సొమ్మును అంత యెక్కువయ్యెను. దలాలి ఖర్చు అందరికిని సమముగా పడలేదని మనము గుర్తింపవలెను.

ఇక మూడవది అద్దెగాక పుచ్చుకొను పైసొమ్ము. దీనికి మూలము యుద్ధకాలపు ఇండ్ల కరవు. దీనిని నిషేధించిన చట్టపు మాటల పుట్టుక మన దేశమున కాదు, స్కాట్లండులోని గ్లాస్గో నగరమున. 1915వ సంవత్సరమున నౌకల కర్మాగారములలో పనికై వేలకొలది కార్మికులు ఆ నగరమున చేరగా, యజమానులు అద్దెలు పెంచిరి. మగవారు కొందరు యుద్ధరంగమునను, కొందరు కర్మాగారమునను ఉండగా, ఇండ్లలో నున్న స్త్రీలు గోవన్ పేటకు చెందిన మేరీ బార్బర్ నాయకత్వమున ఏకమై, పెంచిన అద్దె చెల్లింపమని నిలిచిరి. ఇల్లు ఖాళీ చేయింపవచ్చిన అమీనాను చూచినంతనే గంట మ్రోగించి, వీధి స్త్రీలందరు మెట్లమీద గుమిగూడి, పిండి చల్లి వానిని తరిమిరి. ఆ యేడు నవంబరు 17వ తేదీని, అద్దె చెల్లింపని కార్మికులపై దావా విచారణకు వచ్చినపుడు, వేలాది జనము న్యాయస్థానము ముంగిట చేరిరి. డిసెంబరు నెలాఖరులోపల బ్రిటిషు పార్లమెంటు అద్దెలను కట్టడిచేయు చట్టమును చేసి, అద్దెగాక ప్రీమియముగాని, అట్టి మరే సొమ్ముగాని అడుగరాదని అందులో నొక నియమము పెట్టినది.

ఆ నియమము ఓడలెక్కి తూర్పునకు వచ్చినది. బొంబాయిలో 1918లోను, కలకత్తాలో 1920లోను అద్దె చట్టములు వచ్చినవి. తెలుగు కూలీలు వేలకొలదిగా కాకినాడ, విశాఖపట్టణ రేవులనుండి తరలిపోయి, మేస్త్రీల చేతిక్రింద ఇరుకు బసలలో తలదాచుకొన్న రంగూను నగరమునకును 1920లోనే అద్దె చట్టము వచ్చినది. కాని మదరాసు రాజధానిలోని తెలుగు పట్టణములు ఇంకను అంతగా ఇరుకు కాలేదు. అవి ఇరుకగుటకు రెండవ ప్రపంచ యుద్ధము రావలసివచ్చినది. అప్పుడు భారతరక్షణ నిబంధనల క్రింద మదరాసు ప్రభుత్వము 1941లో అద్దెల కట్టడి ఉత్తరువు చేసినది. యుద్ధానంతరము 1946లో దానిని చట్టముగా మార్చి, 1949లో తిరిగి వ్రాసినది. బ్రిటిషు ఇండియా చట్టములు వర్తింపని నిజాము రాజ్యమున, ఉర్దూలో వ్రాసిన కిరాయినామాలతో వ్యవహారము నడచు హైదరాబాదు నగరమున, 1353 ఫసలీలో, అనగా రమారమి అదే యుద్ధకాలమున, వేరొక ఉత్తరువు వచ్చెను. 1954లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభ దాని స్థానమున చట్టమొకటి చేసెను. ఒకే తెలుగుజాతికి తెలంగాణమున ఒక అద్దె న్యాయము, మదరాసు రాజధానిలోని జిల్లాలలో ఒక అద్దె న్యాయముగా కొంతకాలము నడచినది.

ఆ నడిమికాలమున జరిగిన ఒక సంగతి జ్ఞాపకము చేసికొనదగినది. 1953 అక్టోబరు 1వ తేదీని, టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా, కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్ర మవతరించినది. మదరాసునుండి కాగితపు కట్టలతో, పెట్టె బేడలతో, పిల్లాపాపలతో తరలివచ్చిన ఉద్యోగులకు ఆ యూర ఇండ్లు లేవు. కచేరీలు డేరాలలో నడచినవి. పలువురు ఉద్యోగులు సైతము డేరాలలోనే కాపురముండిరి. గుంటూరున హైకోర్టు వెలసినపుడు ఆ యూరను అద్దె యిండ్లకు గిరాకి పెరిగినది. మూడేండ్లకే, 1956 నవంబరులో, రాజధాని హైదరాబాదునకు మారగా, మరల అదే తరలింపు, అదే వెదకులాట. ఇండ్లు తక్కువయై, రావలసినవారు రాజోద్యోగులై, నెలజీతము నిశ్చయమైయున్నపుడు, యజమాని అద్దెగాక మరికొంత యడుగుటకు సంకోచింపడు. పెద్ద హవేలీలు పోర్షనులుగా చీలినవి. తాళపుచెవి కొక ధర యేర్పడినది. తెలంగాణమున పగిడీ యనియు, కోస్తాలో గుడ్‌విల్ అనియు, అడ్వాన్సు అనియు పలు పేళ్లతో చేతులు మారినది ఆ సొమ్మే.

1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రెండు ప్రాంతముల చట్టములను రద్దుచేసి, భవనముల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టమను పేర ఉమ్మడి చట్టము నొకదానిని చేసినది. జనులకు అందులో గుర్తున్నది ఖాళీ చేయించు నియమములు. న్యాయవాదులకు అన్నము పెట్టినవియు అవియే. కాని నా దృష్టిలో ఆ చట్టమునందలి మిక్కిలి మానవీయమైన నియమము 7వ సెక్షను. యజమాని న్యాయమైన అద్దెగాక, లేదా ఒప్పుకొన్న అద్దెగాక, ప్రీమియముగాని అట్టి మరే సొమ్ముగాని అడుగరాదు, పుచ్చుకొనరాదు, పుచ్చుకొందునని వ్రాయించుకొననురాదు; అడ్వాన్సు క్రింద ఒక నెల అద్దెకు మించి తీసికొనరాదు; మించి తీసికొన్నది అద్దెదారునకు తిరిగి యీయవలెను, లేదా వాని యిష్టానుసారము అద్దెలో సరిపెట్టవలెను. గ్లాస్గో స్త్రీలు వీధిలో నిలిచి సాధించిన మాటలు నలువదియైదు సంవత్సరముల పిమ్మట గుంటూరు బ్రాడీపేటలోని పోర్షనుకును, హైదరాబాదు నారాయణగూడలోని మేడగదికిని రక్షగా చేరినవి. ఖాళీయైన యింటిని గూర్చి అధికారికి తెలియజేయవలెనను నియమము కూడ ఆ చట్టమున గలదు. ప్రభుత్వము కోరినచో ఆ యింటిని ఉద్యోగి కీయవచ్చును. ఇల్లు చూపుటకు దలారి అక్కరలేదు, సర్కారే చూపును అను భావము దానివెనుక నున్నది. అది కొద్ది కాలము, కొద్ది ఊళ్లలో పనిచేసినది.

7వ సెక్షను నియమము ఊరనందరికిని తెలిసియుండిన, తెలిసినవారందరు నిలువదీసియుండిన, చరిత్ర వేరుగా నుండెడిది. ఒకటవ తేదీని ఇల్లు దొరకక పిల్లలతో సత్రములో దిగిన తండ్రి, ఆరు నెలల అడ్వాన్సు అడిగిన యజమానికి 7వ సెక్షను చదివి వినిపింపగలడా? వినిపించిన యెడల ఆ యిల్లు మరియొకరికి పోవును. బొంబాయిలోను ఇట్లే జరిగినది. అచటి 1947 నాటి చట్టము పగిడీ పుచ్చుకొనుటను నేరముగా నెంచి శిక్ష విధించినను, ఏబది యేండ్లపాటు నగరమంతట పగిడీ మీదనే ఇండ్లును దుకాణములును చేతులు మారినవి. రసీదులేని నగదుగా మారినవి. తుదకు 1999 నాటి మహారాష్ట్ర చట్టము ప్రీమియమును చట్టబద్ధము చేయవలసివచ్చినది. అయితే అదే మహారాష్ట్ర చట్టము మరొక మంచిపని చేసినది. అద్దె ఒప్పందము వ్రాతమూలముగా నుండవలెను, రిజిస్టరు కావలెను, రిజిస్టరు చేయించు బాధ్యత యజమానిదే, చేయింపనిచో ఒప్పందపు షరతులను గూర్చి అద్దెదారుడు చెప్పినదే నమ్మదగినదిగా నెంచవలెను అని 55వ సెక్షనులో శాసించినది. బరువును మోయగలవాని భుజము మీద బెట్టిన ఆ పద్ధతిని నేను మెచ్చుకొందును.

మన చట్టమున కెట్టి గతి పట్టినదో చెప్పవలెను. క్రొత్త యిండ్లు కట్టువారిని ప్రోత్సహించుటకని, 1957 ఆగస్టు 26వ తేదీనుండి కట్టిన భవనములకు ఈ చట్టము వర్తింపదని మొదటనే మినహాయింపు పెట్టిరి. ఆరంభమున అది సబబుగానే తోచియుండును. కాని పాతిక సంవత్సరములు గడచునప్పటికి ఊళ్లలో సగము ఇండ్లు ఆ తేదీకి తరువాతివే. ఒక వీధిలో ఎడమ యింటి అద్దెదారునకు రక్షణ, కుడి యింటి అద్దెదారునకు లేదు. 1983లో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసున ఆ మినహాయింపు సమానత్వపు హక్కునకు విరుద్ధమని కొట్టివేసినది. అదే సంవత్సరాంతమున ప్రభుత్వము మరొక ఉత్తరువుతో క్రొత్త భవనములకు పదేండ్లును, నెలకు 1,000 రూపాయలు మించిన అద్దె యిండ్లకు పూర్తిగాను మినహాయింపు నిచ్చినది. 2005లో ఆ పరిమితి నగరపాలక సంస్థలున్నచోట 3,500 రూపాయలుగను, ఇతర ప్రదేశములలో 2,000 రూపాయలుగను మారినది. నేడు హైదరాబాదులో ఏ పేటలోనైనను రెండు గదుల యింటి అద్దె 3,500 రూపాయలకు లోబడి దొరకుట దుర్లభము. అనగా 7వ సెక్షను ఎవరి కొరకు పుట్టినదో వారినుండి అంకెల మూలమున జారిపోయినది. ఒక నెల అడ్వాన్సు స్థానమున రెండు నెలలు, మూడు నెలలు నడచుచున్నవి. అడుగు దిక్కు లేదు.

పదకొండు నెలల కాగితమునకు పట్టిన గతి ఇంతకంటెను విచిత్రము. ఆంధ్రప్రదేశ్ శాసనసభ రిజిస్ట్రేషను చట్టపు 17వ సెక్షనును రాష్ట్రము వరకు సవరించి, ఏడాదికి మించినది అను మాటను తీసివేసి, స్థిరాస్తి కౌలు దస్తావేజు లన్నియు రిజిస్టరు కావలసినదేనని 1999 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుపరచినది. ఆ తేదీతో, తెలుగుదేశమున పదకొండు నెలల గడువునకు చట్టములో నున్న ఆధారము తొలగిపోయినది. పదకొండు నెలలకు వ్రాసికొన్నను, పదకొండు దినములకు వ్రాసికొన్నను రిజిస్ట్రేషను తప్పదు. అయినను పాతికేండ్లు గడచినవి. స్టాంపు వెండరు కడ అచ్చువేసి యుంచిన నమూనాలో నేటికిని పదకొండు నెలలే. ఆ కాగితమును న్యాయస్థానమునకు తీసికొనిపోయిన అద్దెదారునకు అచట అది కౌలు షరతులకు రుజువుగా నిలువదని తెలియును. అనుషంగికమైన కొద్దిపాటి సంగతులకు మాత్రమే దానిని చూతురు. ఫలానా యింట ఫలానావాడు కాపురమున్నాడని గ్యాసు కంపెనీకిని, పాసుపోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులునకును, ఆదాయపు పన్ను కొరకు జీతమిచ్చు కంపెనీకిని చూపుటకు అది పనికివచ్చును. కొట్లాట వచ్చిననాడు, అడ్వాన్సు తిరిగి రానినాడు, గడువునకు ముందే సామాను బయట పెట్టించిననాడు, పేదవాని సౌకర్యమునకై పుట్టిన ఆ కాగితము పేదవాని కక్కరకు రాదు. యజమానికి నష్టము లేదు. ఇల్లు వానిది, తాళము వానిది, అడ్వాన్సు వాని జేబులోనిది. మిగిలిన ఖర్చు ఇద్దరికిని మిగిలినది. పోయిన రక్షణ ఒక్కనికే పోయినది. ఏడాదిలోపు కౌలుకు ప్రభుత్వము పుచ్చుకొను సుంకము మొత్తపు అద్దెలో స్వల్పాంశమే. దానిని తప్పించుకొనుటను మించిన పొరపాటు పొదుపు అద్దెదారునకు మరియొకటి లేదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఇక దలాలిని గూర్చి చెప్పవలెను. 1990ల తరువాత హైదరాబాదునకు సాఫ్టువేరు పరిశ్రమ వచ్చి, మాదాపూరు, కొండాపూరు ప్రాంతముల అంతస్తుల మేడలు లేచి, దూరదేశములలో నున్న యజమానులు ఫ్లాట్లు కొని తాళము ఇతరులకు అప్పగించుట మొదలైన పిదప, గేటు పలక స్థానమున బ్రోకరు వచ్చినాడు. అద్దెదారునినుండి ఒక నెల అద్దె కమీషను పుచ్చుకొనుట వాడుకయైనది; పలుచోట్ల యజమాని నుండియు పుచ్చుకొందురు. పదకొండు నెలలు నిండగనే కాగితము తిరుగవ్రాయుటకు మరికొంత యడుగువారును గలరు. ఆ విధముగ చిన్న గడువు బ్రోకరునకు ఏటేటి పంటయైనది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఏజెంట్లు నమోదు కావలెనని చెప్పినదిగాని, అది విక్రయ వ్యవహారములకే. ఇల్లు అద్దెకు చూపువాడు దాని పరిధిలోనికి రాడు. వాని కమీషనునకు పరిమితి లేదు, రసీదు నియమము లేదు, ఇల్లు కుదరనపుడు సొమ్ము తిరిగి యిచ్చు నియమమును లేదు.

ఇతర దేశములు ఈ ముడిని విప్పిన తీరు మనకు తెలియదగినది. ఇంగ్లండులో 1953లోనే, ఇల్లు కావలసినవాని పేరు వ్రాసికొన్నందుకు గాని, ఇండ్ల చిరునామాలు చెప్పినందుకు గాని రుసుము పుచ్చుకొనుట నేరమని చట్టము చేసిరి. ఏజెంట్లు ఆ రెండు పేళ్లను విడిచి, పూర్వాపరముల విచారణకని, సామాను పట్టికకని, ఒప్పందపు కాగితమునకని, దానిని తిరుగవ్రాయుటకని వేరువేరు పద్దులు వేసిరి. ఏ పేరును నిషేధించిన ఆ పేరు మాత్రమే పోవుననియు, సొమ్ము పోదనియు అనుభవమున తెలిసిన పిదప, 2019 జూన్ 1వ తేదీనుండి పద్ధతి మార్చి, చట్టము అనుమతించిన కొద్ది చెల్లింపులు తప్ప తక్కినవన్నియు నిషిద్ధమని తలక్రిందుగా వ్రాసిరి. సామాన్యమైన యిండ్లకు అడ్వాన్సు అయిదు వారముల అద్దెకు మించరాదనిరి. జర్మనీలో అంతకు పూర్వము రెండు నెలల అద్దె వరకు దలాలిని అద్దెదారుడే మోయుచుండెను. 2015 జూన్ 1వ తేదీనుండి ఏజెంటును పిలిచినవాడే వానికి చెల్లింపవలెనను నియమము వచ్చినది. ఏజెంట్లు దానిపై వేసిన వ్యాజ్యమును ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము మరుసటి యేడు త్రోసిపుచ్చినది. పై చదువులకై ఆ దేశములకు పోయిన మన తెలుగు విద్యార్థులు, ఊరు తెలియని మొదటి మాసమున, ఈ నియమముల నీడనే గది తీసికొనుచున్నారు. వారి తల్లిదండ్రులు కూకట్‌పల్లిలో ఇల్లు మారునపుడు ఆ నీడ లేదు.

కేంద్రప్రభుత్వము 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా కౌలు చట్టమున, నివాసపు ఇండ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, ఒప్పందము వ్రాతమూలముగా చేసి రెండు నెలలలోపల అద్దె అధికారికి తెలుపవలెననియు, అట్లు తెలుపుటకు ఆన్‌లైన్ ఏర్పాటుండవలెననియు గలదు. కచేరీ వసారాలో పూట గడుపు ప్రయాస దీనితో తగ్గును గనుక, పదకొండు నెలల వాడుకకు మిగిలిన ఆ యొక్క సాకును తొలగిపోగలదు. నమూనా నమూనాయే, దానిని చట్టముగా చేసికొనుట రాష్ట్రముల యిచ్ఛ. అందులో అద్దెకు చూపు బ్రోకరు కమీషనునకు పరిమితి లేదు. తెలుగు శాసనసభలు ఆ లోపమును పూరించి, బ్రోకరును నియమించిన యజమానియే వానికి చెల్లింపవలెననియు, ఖరారునామా రిజిస్ట్రేషను యజమాని బాధ్యత యనియు రెండు నియమములు చేర్చుటకు ఏ యడ్డంకియు లేదు. అంతవరకు, ఇల్లు కుదుర్చుకొనువారు తాళపుచెవి పుచ్చుకొనకముందే ఆ రెండు షరతులను నోట అడిగి, కాగితమున వ్రాయించి, ఆ కాగితమును సబ్ రిజిస్ట్రారు కచేరీకి తీసికొనిపోవలెనని నా విన్నపము.